గోడలోని తీగెలు

పిల్లలూ, మీ యింట్లో ఎన్ని విద్యుత్తు తీగెలు ఉన్నాయో మీకు తెలుసా? కంటికి కనిపించేవి కాదు. గోడల లోపల, గొట్టాల్లో దాగి ఉన్న తీగెల సంగతి అడుగుతున్నాను. మా యింట్లో ఎన్ని ఉన్నాయో నాకూ తెలియదు. నాలుగేళ్లకు పైగా రోజూ ఒకే గోడ పక్కనుంచి మెట్లెక్కి దిగినా, ఆ గోడలో మూడు తీగెలు నిద్రపోతున్నాయని నాకు తెలియలేదు. తెలిసిన రోజున ఒక తప్పు చేశాను. రెండో తప్పు చెయ్యబోతూ ఉండగా ఒక పెద్దమనిషి కేకవేసి ఆపాడు. ఆ కథ చెబుతాను, వినండి.

మా యిల్లు హైదరాబాదు పాతబస్తీలో, గౌలిపురాలో ఉన్నది. చార్మినారు దగ్గరనుంచి నడిచి రావచ్చును. చార్మినారు 1591 నాటిది. మా యిల్లు అంత పాతదేమీ కాదు. బడిలో పని చేసి విశ్రాంతి తీసుకున్న ఒక పంతులుగారు తన పాత యిల్లు తీసివేసి, 2010లో రెండంతస్తుల డాబా కట్టించుకున్నారు. ఆయన పోయాక, 2019లో, వారి కుటుంబం దగ్గర దాన్ని మేము కొన్నాము.

పాతబస్తీలో సంక్రాంతి అంటే పతంగుల పండుగ. ఆ మూడు రోజులూ ఇళ్లలో మనుషులు ఉండరు, అందరూ డాబాల మీదనే ఉంటారు. 2024 సంక్రాంతినాడు మా అమ్మాయి కూడా పొద్దుటినుంచీ డాబా దిగలేదు. దానికి పన్నెండేళ్లు, ఏడో తరగతి చదువుతున్నది. మధ్యాహ్నం దాని పతంగి తెగి, మాంజా పోయి పిట్టగోడ మూల దేనికో చుట్టుకున్నది. విడదీయడానికి వెళ్లి, అక్కడినుంచే కేక వేసింది:

"నాన్నా! ఇక్కడొక గొట్టం ఉంది, రా!"

వెళ్లి చూశాను. గోడలోనుంచి పైకి వచ్చి, చేతికర్ర పిడిలాగా కిందికి వంగిన ప్లాస్టిక్ గొట్టం. వాన నీళ్లు లోపలికి పోకుండా అలా వంచారన్నమాట. మూతిని పాత గుడ్డపేలికతో బిగించి ఉన్నది. పేలిక లాగితే ఎర్ర తీగె ఒకటి, నల్ల తీగె ఒకటి, ఆకుపచ్చ తీగె ఒకటి బయటికి వచ్చాయి. కొసల్లో రాగి బయట పడి ఉన్నది.

"ఏమిటివి నాన్నా?" అని అడిగింది.

"ఏదో పాత తీగె. పంతులుగారి కాలంనాటిది," అన్నాను.

అంత మాత్రం చెప్పి ఊరుకోలేదు. నాకు కాస్త తెలుసు అనే గర్వం కూడా ఉన్నది. కిందికి పోయి టెస్టరు తెచ్చి, ఎర్ర తీగెకు ఆనించాను. దీపం వెలగలేదు. నల్ల తీగెకు ఆనించాను. వెలగలేదు. "చూశావా? చచ్చిపోయిన తీగెలు. భయం లేదు," అన్నాను.

ఇది నా మొదటి తప్పు. ఏమిటి తప్పు అంటారా? కాస్త ఓపిక పట్టండి.

భయం లేదని నేను చెప్పగానే మా అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. బడిలో ప్రదర్శన కోసం అది ఒక చిన్న సోలారు పలక తెచ్చుకున్నది. అరచేతి అంత ఉంటుంది. ఎండలో పెడితే ఒక బుల్లి పంకా తిరుగుతుంది. "ఈ తీగెలు కింద ఎక్కడికి పోతాయో కనుక్కుని, పలక పైన, పంకా కింద పెడదాం నాన్నా. ఎండ డాబా మీద, గాలి మెట్ల కింద!" అన్నది. నాకూ సరదా పుట్టింది. సాయంత్రం తీగెలు మెలిపెట్టి సిద్ధం చేసి ఉంచితే, మర్నాడు ఎండ రాగానే చూడవచ్చునని అనుకున్నాము.

పొద్దు గూకింది. కింద మా అమ్మ, రోజూ చేసినట్టే, దీపాల వేళయిందని మెట్ల దగ్గరి దీపం వేసింది. మేమిద్దరం గొట్టం దగ్గర కూర్చున్నాము. రాగి కొసలు నల్లగా మాసి ఉన్నాయి. వేళ్లతో తుడిచి మెలిపెడదామని చెయ్యి చాచాను.

"ఆగండి సార్!" అని వెనకనుంచి కేక వినిపించింది.

మా నీళ్ల మోటారు చూడడానికి వచ్చిన మిస్త్రీ ఆయన. గల్లీలో పిల్లలందరికీ చాచా. నలభై ఏళ్లుగా పాతబస్తీ యిళ్లలో తీగెలు లాగుతున్న మనిషి. మోటారు పని ముగించి, నన్ను వెతుక్కుంటూ పైకి వచ్చాడు.

"మధ్యాహ్నమే చూశాను చాచా, వీటిలో కరెంటు లేదు," అన్నాను.

ఆయన వాదించలేదు. ముందు నీళ్లతొట్టి దగ్గరున్న ప్లగ్గులో తన టెస్టరు పెట్టి, అది పని చేస్తున్నదని చూసుకున్నాడు. తరవాత మా ఎర్ర తీగెకు ఆనించాడు. టెస్టరులో దీపం ఎర్రగా వెలిగింది.

నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయి నా మోకాలికి ఆనుకుని కూర్చుని ఉన్నది.

"మధ్యాహ్నం వెలగలేదే!" అన్నాను ఎట్లాగో.

"మధ్యాహ్నం మెట్ల దీపం వేశారా?" అని అడిగాడు చాచా.

అప్పుడు తెలిసింది నాకు. చాచా కిందికి పోయి మెట్ల దీపం ఆర్పాడు. పైన తీగె చచ్చిపోయింది. మళ్లీ వేశాడు. తీగె బతికింది. అంటే, గోడలో ఎక్కడో ఈ తీగెను ఎవరో మెట్ల దీపానికి కలిపి పెట్టారు. పగలంతా అది ఉత్త తీగె. దీపాల వేళ అయితే మాత్రం 230 వోల్టుల తీగె. నాలుగేళ్లకు పైగా ప్రతి సాయంత్రమూ, మా పిల్ల ఆడుకునే చోట, ఒక గుడ్డపేలిక చాటున అది అలా ఉన్నది.

చూశారా నా తప్పు? ఒక్కసారి చూసి, ఎప్పటికీ అంతే అనుకున్నాను. "ఇప్పుడు కరెంటు లేదు" అనడం వేరు, "కరెంటు రాదు" అనడం వేరు.

చాచా యింటి మెయిన్ స్విచ్చి తీసేసి, టార్చి వెలుగులో మెట్ల గోడంతా వేళ్లతో తట్టుకుంటూ పోయాడు. ఒక చోట చప్పుడు మారింది. రెండు మూడు సార్లు వేసిన రంగు గీకితే, కింద చదరపు మూత బయటపడింది. మర విప్పి మూత తీశాడు. లోపల మూడు తీగెల కింది కొసలు ఉన్నాయి. ఎర్రదీ నల్లదీ మెట్ల దీపం తీగెలకు చుట్టి, పైన నల్ల టేపు వేసి ఉన్నది.

"ఎవరింట్లోనో పెళ్లి జరిగి ఉంటుంది. డాబా మీద దీపాల తోరణానికి కరెంటు కావాల్సి వచ్చి కలిపారు. పెళ్లి అయిపోయింది, తోరణం విప్పారు, ముడి మాత్రం విప్పలేదు," అన్నాడు చాచా.

ఆ ముడిని అప్పుడే విప్పేశాడు. టార్చి పక్కకు తిప్పినప్పుడు మా అమ్మాయి మూత లోపలి వైపు చూసి, "నాన్నా, ఏదో రాసి ఉంది!" అన్నది. పంతులుగారి గుండ్రని అక్షరాలు. "సోలారు — డాబాకు 18 మీ. — 2010".

మర్నాడు పంతులుగారి భార్యకు ఫోను చేశాను. ఆవిడ ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. సంగతి చెప్పగానే గుర్తు చేసుకున్నారు. "అవును బాబూ. ఇల్లు కట్టే ఏడాదే సూర్యుడితో కరెంటు గురించి పేపర్లో చదివారు. పలకలు మన వల్ల కాని ధర. 'గోడ కట్టేటప్పుడు గొట్టం వేస్తే గొట్టం ఖర్చే. తరవాత వెయ్యాలంటే గోడ పగలగొట్టాలి. మనం పెట్టకపోయినా తరవాతివాళ్లు పెడతారు' అని వేయించారు," అన్నారు.

ఆయన చదివినది బహుశా జాతీయ సౌర కార్యక్రమం గురించి కావచ్చును. మన దేశంలో అది 2010 జనవరిలో మొదలయింది. పంతులుగారు ఆ ఏడాదే తన గోడలో గొట్టం వేయించారు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చును. ఎండనుంచి కరెంటు ఎట్లా వస్తుంది? ఈ సంగతి కొత్తది కాదు. 1839లోనే ఫ్రాన్సు దేశపు బెకెరెల్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు, వెలుతురు పడితే కొన్ని పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని చూశాడు. కాని పనికి వచ్చే సోలారు బిళ్ల రావడానికి నూరేళ్లు దాటింది. 1954 ఏప్రిల్ 25న అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికాన్‌తో చేసిన బిళ్లలను లోకానికి చూపించారు. దేనితో చూపించారో తెలుసా? ఒక బొమ్మ రంగులరాట్నాన్ని ఎండతో తిప్పి! మా అమ్మాయి బుల్లి పంకా ఆ రాట్నానికి చెల్లెలే. అప్పటి బిళ్లలు తమ మీద పడిన ఎండలో నూటికి 6 పాళ్లే కరెంటు చేసేవి. ఇప్పటి పలకలు నూటికి 20 పాళ్లకు మించి చేస్తున్నాయి.

సిలికాన్ ఇసుకలో ఉండే మూలకమే. దాన్ని శుద్ధి చేసి, పలచని బిళ్లలుగా కోసి, ఒక పక్క ఒక రకమైన పదార్థాన్నీ, రెండో పక్క మరొక రకమైన పదార్థాన్నీ రవ్వంత కలుపుతారు. ఎండ పడగానే లోపలి ఎలక్ట్రానులు కదిలి, ఒకే దిక్కుగా ప్రవహిస్తాయి. అదే కరెంటు. ఒక్కొక్క బిళ్లలో పుట్టేది అర వోల్టుకు కాస్త ఎక్కువ, అంతే. అందుచేత బిళ్లలను పూసల్లాగా వరసగా కలిపి పలక చేస్తారు. 1958 మార్చి 17న ఎగిరిన వాన్‌గార్డ్-1 అనే చిన్న ఉపగ్రహానికి ఇటువంటి బిళ్లలు అమర్చారు. దానిలో బ్యాటరీతో పనిచేసే రేడియో కొద్ది నెలలకే మూగపోయింది. ఎండతో పనిచేసే రేడియో 1964 దాకా పలికింది.

ఇక మా తీగెల సంగతికి వద్దాము.

ముందుగానే తీగెలు వేసి ఉంచడం మా పంతులుగారు ఒక్కరే చేసిన పని కాదు. అమెరికాలో కొందరు యిల్లునే బండిగా చేసుకుని తిరుగుతారు. వంటిల్లు, పడకగది అన్నీ ఉన్న బండిని పెద్ద ట్రక్కుకు తగిలించి లాక్కుపోతారు. దాని పేరు "ఫిఫ్త్ వీల్", అనగా అయిదో చక్రం. పూర్వం నాలుగు చక్రాల గుర్రపు బండిలో ముందు ఇరుసు మలుపు తిరగడానికి, పడుకోబెట్టిన చక్రం వంటి వలయం ఒకటి ఉండేది. ఆ పేరే దీనికి వచ్చింది. అటువంటి బండ్లలో చాలావాటికి, సోలారు పలకలు లేకపోయినా, తీగెలు మాత్రం కార్ఖానాలోనే వేసి అమ్ముతారు. కొన్నవారు ఏ అరలోనో తీగెల కొసలు చూసి, ఇవి ఎక్కడినుంచి వచ్చాయి, ఎంత బరువు మొయ్యగలవు అని వెతుక్కుంటారు. గౌలిపురాలో నాకు వచ్చిన ప్రశ్నే అక్కడ వారికీ వస్తుంది.

మా చాచా ఆ ప్రశ్నను నాలుగు ముక్కలు చేశాడు.

మొదటిది: ప్రాణం ఉందా? అది తేలిపోయింది. ముడి విప్పాక కూడా మెట్ల దీపం వేసీ, ఆర్పీ, రెండు విధాలా చూశాడు. చూసే ముందూ, చూసిన తరవాతా, కరెంటు ఉన్న చోట టెస్టరు పెట్టి అది పని చేస్తున్నదని రూఢి చేసుకున్నాడు. టెస్టరే పాడయితే అన్ని తీగెలూ చచ్చినట్టే కనిపిస్తాయి గదా!

రెండోది: పైన ఉన్న తీగే కింద ఉన్న తీగేనా? రంగు చూసి నమ్మకూడదు, మధ్యలో ఎవరైనా అతుకు వేసి ఉండవచ్చును అన్నాడు. ఈ పరీక్ష మా అమ్మాయి చేత చేయించాడు. పైన ఎర్ర, నల్ల కొసలను కలిపి మెలిపెట్టారు. కింద ఎర్ర కొసకు టార్చి బ్యాటరీని, నల్ల కొసకు టార్చి బల్బును ఆనించి, బ్యాటరీని బల్బును ఒక తీగె ముక్కతో కలిపింది. బల్బు వెలిగింది. కరెంటు ఎర్ర తీగెలో పైకి పోయి, నల్ల తీగెలో తిరిగి వచ్చిందన్నమాట. పైన మెలి విప్పగానే బల్బు ఆరిపోయింది. అంటే తీగెలు తెగలేదు, మధ్యలో ఒకదాన్నొకటి తాకడమూ లేదు.

మూడోది: లావు చాలునా? తీగె మీద సన్నని అక్షరాలు ఉన్నాయి. 2.5 చదరపు మిల్లీమీటర్లు. ఇక్కడ కాస్త లెక్క ఉన్నది. పెన్సిలు తీసుకోండి.

ఆ లావు రాగి తీగె ఒక మీటరు పొడవుకు 0.007 ఓముల అడ్డు ఉంటుంది. డాబాకు 18 మీటర్లు, తిరిగి రావడానికి మరో 18. మొత్తం 36 మీటర్లు. 36ను 0.007తో హెచ్చిస్తే సుమారు పావు ఓము. కరెంటును అడ్డుతో హెచ్చిస్తే దారిలో ఎన్ని వోల్టులు పోతాయో తెలుస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి కట్టే చిన్న సోలారు పలకనుంచి 17 వోల్టుల ఒత్తిడిలో 10 ఆంపియర్లు తెస్తే, దారిలో రెండున్నర వోల్టులు పోతాయి. పదిహేడింటిలో రెండున్నర! ఏడు బిందెలు నీళ్లు మోస్తే ఒక బిందె దారిలో ఒలికినట్టు. అదే, సుమారు 40 వోల్టుల పెద్ద పలకలు ఆరు వరసగా కలిపి, 240 వోల్టుల ఒత్తిడిలో 13 ఆంపియర్లు తెస్తే? పోయేది మూడు వోల్టుల పైచిలుకు. కాని 240లో మూడు అంటే ఒక లెక్కలోది కాదు. తీగె అదే, దూరం అదే. ఒత్తిడి పెంచితే దారి నష్టం తగ్గింది. పెద్ద విద్యుత్కేంద్రాలనుంచి కరెంటును లక్షల వోల్టుల్లో పంపేది అందుకే.

"అయితే ఈ తీగెలు చాలన్నమాట," అన్నాను సంతోషంగా.

"నాలుగో ప్రశ్న మిగిలింది సార్," అన్నాడు చాచా. "తొడుగు ఎట్లా ఉంది?"

డాబా మీద బయటికి ఉన్న భాగాన్ని మెల్లిగా వంచాడు. ఎండకు ఎండి బిరుసెక్కిన తొడుగు చిట్లింది. ఇది మామూలు యింటి తీగె, ఎండలో ఉండడానికి చేసింది కాదు. పైగా సోలారు కరెంటుకు ఒక మొండితనం ఉన్నది. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా అయి మళ్లీ లేస్తుంది. అందుచేత ఎక్కడైనా నిప్పురవ్వ లేచినా త్వరగా ఆరిపోతుంది. సోలారు పలకల కరెంటు అట్లా సున్నా కాదు, ఒకే ఒరవడిగా పోతుంది. ఒకసారి రవ్వ లేస్తే అలాగే మండుతూ ఉంటుంది. అందుచేత దానికి రెండు పొరల తొడుగు ఉన్న ప్రత్యేకమైన తీగే వాడాలి, స్విచ్చిలు కూడా దానికోసం చేసినవే ఉండాలి.

"అయితే పంతులుగారు వేసింది వృథాయేనా చాచా?" అని మా అమ్మాయి దిగులుగా అడిగింది.

చాచా నవ్వాడు. "తీగె పాతబడింది బేటీ. దారి పాతబడలేదు," అన్నాడు.

మరుసటి నెలలోనే, 2024 ఫిబ్రవరిలో, కేంద్ర ప్రభుత్వం ఇళ్ల మీద సోలారు పలకలకు "సూర్య ఘర్" పథకం ప్రారంభించింది. 1 కిలోవాటుకు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 గాని అంతకు మించి గాని పెట్టుకుంటే 78,000 రూపాయల సాయం. ఇంట్లో అందరం కూర్చుని లెక్కలు వేసుకున్నాము. చివరకు 3 కిలోవాట్లు పెట్టించడానికి నిశ్చయించాము.

పాత తీగెలు తీసే ముందురోజు ఆదివారం. మా అమ్మాయి తన బుల్లి పలకను డాబా మీద ఎండలో పెట్టింది. చాచా దాన్ని ఎర్ర, నల్ల తీగెలకు కలిపాడు. పిల్ల మెట్లమీద పరుగెత్తి కిందికి పోయి, గోడ పెట్టె దగ్గర పంకా తగిలించింది. పంకా గిర్రున తిరిగింది! పద్నాలుగేళ్లుగా గోడలో పడి ఉండి, పెళ్లి దీపాలు మోసి, మెట్ల దీపానికి చిక్కుకున్న ఆ తీగెలు, దేనికోసం వేశారో ఆ పని ఆ రోజు ఒక్క గంటసేపు చేశాయి. పంతులుగారి భార్యకు ఫోనులో పంకా తిరగడం చూపించాము. ఆవిడ చాలాసేపు చూసి, "ఆయన ఉంటే బాగుండేది," అన్నారు.

మర్నాడు చాచా కొత్త తీగెల చుట్ట తెచ్చాడు. 4 చదరపు మిల్లీమీటర్ల సోలారు తీగె. గోడ పగలగొట్టలేదు. పైన పాత తీగెల కొసలకు కొత్త తీగెల కొసలు గట్టిగా కట్టి, జారడానికి సబ్బు పొడి రాశాడు. కింద నేను పాత తీగెలు లాగుతూ ఉంటే, పైన ఆయన కొత్తవి అందిస్తూ వచ్చాడు. పాత తీగె మూర మూరే బయటికి వస్తూ, కొత్త తీగెను తన వెంట లోపలికి తీసుకువచ్చింది. పావుగంటలో పని అయిపోయింది. గొట్టమే లేకపోతే మెట్ల గోడ పైనుంచి కిందిదాకా చెక్కవలసి వచ్చేది.

వేసవిలో పలకలు ఎక్కాయి. ఆరు పలకలు, దక్షిణం వైపుకు కొంచెం వాలుగా. మన ప్రాంతంలో ఒక కిలోవాటు పలకలు సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. మాకు మంచి ఎండ రోజున 12 యూనిట్లకు అటూ ఇటూ వస్తున్నాయి. మబ్బు రోజున బాగా తగ్గుతుంది. వాడుకోగా మిగిలినది వీధి లైనులోకి పోతుంది, రెండు వైపులా లెక్కించే మీటరు దాన్ని రాసుకుంటుంది.

తరవాతి సంక్రాంతికి ఒక తమాషా జరిగింది. ఎవరిదో పతంగి తెగి వచ్చి ఒక పలక మీద పడుకున్నది. కరెంటు లెక్క చటుక్కున తగ్గింది. పతంగి ఎంత, దాని నీడ ఎంత! అయినా అంతే. బిళ్లలన్నీ వరసలో ఉన్నాయి గదా. నిప్పంటుకున్నప్పుడు బావినుంచి చేతులు మార్చుతూ బిందెలు అందిస్తారు చూడండి, వరసలో ఒక్కడు కునికితే అందరి బిందెలూ ఆగుతాయి. పలకలో ఆ కునికేవాణ్ని దాటి పోవడానికి పక్కదారులు కొన్ని ఉంటాయి గనక, పూర్తిగా ఆగలేదు.

ఒకనాడు మధ్యాహ్నం వీధిలో కరెంటు పోయింది. మా అమ్మాయి పంకా కింద కూర్చుని, "మనకేం, సోలారు ఉంది!" అన్నది. ఆ మాట ముగియకుండానే మా పంకా కూడా ఆగింది. పిల్లకు కోపం వచ్చింది. ఎండ మండిపోతున్నదే, కరెంటు ఎందుకు పోవాలి?

చాచాను అడిగితే ఇలా చెప్పాడు: "బయట స్తంభం ఎక్కిన లైనుమాన్ ఉన్నాడు బేటీ. ఫ్యూజు తీసి, తీగె చచ్చింది అనుకుని చెయ్యి వేస్తాడు. అప్పుడు మన డాబా నుంచి కరెంటు పోయి ఆ తీగెలో పడితే?"

మా అమ్మాయి ఏమీ అనలేదు. సంక్రాంతినాటి సాయంత్రం దానికి గుర్తు వచ్చిందని నాకు తెలుసు. వీధి కరెంటు పోయిన క్షణంలో సోలారు యంత్రం తనంతట తానే ఆగిపోయేట్టు చేసింది అందుకే. అప్పుడు కూడా వెలుగు కావాలంటే, వీధి లైనునుంచి విడిపోయి ఇంటికి మాత్రమే ఇచ్చే ప్రత్యేకమైన యంత్రమూ బ్యాటరీలూ కావాలి.

చివరి పని ఒకటి మిగిలింది. గోడ పెట్టెకు కొత్త మూత వేయించాను. ఈసారి లోపల కాదు, బయటే రాశాము. తెలుగులో మా అమ్మాయి రాసింది, ఉర్దూలో చాచా రాశాడు, ఇంగ్లీషులో నేను రాశాను: "సోలారు తీగెలు. పగలు కరెంటు ఉంటుంది. ముట్టుకోరాదు. 4 చ.మి.మీ., 18 మీ., 2024." డాబా మీద గొట్టం మూతి దగ్గర కూడా ఇదే రాశాము. ఇదివరకు ఆ గొట్టంలో పగలు కరెంటు లేక, రాత్రి ఉండేది. ఇప్పుడు రాత్రి లేక, పగలు ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ పలకలను ఆర్పే స్విచ్చి లేదు. కింద స్విచ్చి తీసినా, పైనుంచి అక్కడిదాకా వచ్చే తీగెలో కరెంటు ఉండనే ఉంటుంది. మా తరవాత ఈ యింటికి వచ్చేవారికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

పిల్లలూ, మీ యింట్లో ఎక్కడైనా పేరు లేని తీగె కొస కనిపిస్తే, వేలితో తాకకండి. పెద్దవాళ్లకు చూపించండి. పెద్దవాళ్లు నాలాగా "చచ్చిన తీగె, భయం లేదు" అంటే, ఒక్కమాట అడగండి: "సాయంత్రం కూడా చూశారా?" అని.

టార్చి బ్యాటరీ, చిన్న బల్బు, రెండు తీగె ముక్కలతో మా అమ్మాయి చేసిన పరీక్షను మాత్రం మీరు బల్ల మీద హాయిగా చేసుకోవచ్చును. గోడ తీగెల మీద కాదు సుమా!